పొగబండియు, బొమ్మబండియు

ఈ మాసమున మేమెత్తికొనిన విషయము మొదట మీకు వింతగా దోపవచ్చును. ఇది వంటయింటి సంగతి గాదు, శిశుపోషణమును గాదు. రైలుబండికి ఛాయాపటము తీయు విధము. ఇది మగపిల్లల వేడుక గదా యని పుట త్రిప్పబోవువారు ఒక్క నిమిషము తాళవలెనని మా ప్రార్థన. పూర్వము కెమెరా యనగా ఇంటిలోని మగవారి సొత్తు. దానిని తోలుసంచిలో భద్రపరచి, పండుగకో పెండ్లికో వెలికి దీసెడివారు. చేతిఫోను వచ్చిన పిదప ఆ యధికారము తల్లుల చేతికి వచ్చినది. పిల్లవాని మొదటి యడుగు మొదలు తాతగారి షష్టిపూర్తి వరకు నేడు ఇంటి చరిత్రను పటములలో కూర్చుచున్నది చాలచోట్ల ఇల్లాలే. కనుక దేనిని పటము తీయవలెను, దేనిని విడువరాదు అను విచారణయు ఆమెదే యగును.

ఒక సోదరి మాకు వ్రాసిన జాబు ఈ పుటకు కారణమైనది. ఆమె తాతగారు గుంతకల్లులో నివసించి ముప్పదియేండ్లు పొగబండి ఇంజను నడపిరట. ఆయన పటము ఇంట నొక్కటే కలదు. అదియు ఉద్యోగము చాలించిననాడు మెడలో పూలదండతో, ఇస్త్రీ చొక్కాతో, స్టూడియో తెర ముందు కూర్చుండబెట్టి తీసినది. ఇంజను లేదు, నేలబొగ్గు లేదు, ముఖమున మసి లేదు. మునిమనుమలు తాతగారి బండిని చూపుమని యడుగగా చూపుటకేమియు లేదని ఆమె విచారము. ఈ లోపము ఆ యింటిది మాత్రమే గాదు. బెజవాడ, కాజీపేట, రాజమహేంద్రవరము వంటి ఊళ్లలో రెండు మూడు తరములు రైలు కొలువున బ్రతికిన కుటుంబములెన్నియో కలవు. ఆ యిండ్ల ఆల్బములు తెరచి చూడుడు. పెండ్లిపీటలు, పుట్టువెండ్రుకలు, తిరుపతి యాత్ర, అన్నియు నుండును. ఆ సంసారమునంతను లాగుకొని వచ్చిన ఇంజను మాత్రము చాలవానిలో కానరాదు. ప్రతిదినము చూచుదానికి పటమెందులకని ఆనాటివారు తలంచియుందురు. ఆ ప్రతిదినమును ముగిసినది. చిత్తరంజన్ కర్మాగారమున ఆవిరి ఇంజనులను చేయుట 1972 వ సంవత్సరముతో ఆగిపోయెను. మన దేశపు వెడల్పు పట్టాల మీద ఆవిరి ఇంజను నిత్యసేవ 1995 డిసెంబరుతో ముగిసెను. గోదావరిపై 1900 వ సంవత్సరమున తెరచిన హేవలాకు వంతెన మీద బండ్లు నడచుట 1997 లో నిలిచెను. ఆ వంతెన నడుమ బండి సాగుచుండగా చీరకొంగు ముడి విప్పి గోదావరి తల్లికి కాసు విసరిన అవ్వ పటము ఏ యింటనైనను కలదేని, ఆ యింటివారు ధన్యులు.

ఈ విచారమును పోవునది పోకముందే పడిన మనుజుడొకడు అమెరికాలో నుండెను. ఓ. విన్‌స్టన్ లింక్ అని ఆయన పేరు. 1914 లో న్యూయార్కు నగరపు బ్రుక్లిన్ భాగమున పుట్టి, సివిలు ఇంజనీరు చదువు చదివి, వ్యాపార సంస్థల ప్రకటనలకు పటములు తీయుట వృత్తిగా నేర్పరచుకొనెను. 1955 జనవరిలో వర్జీనియా రాష్ట్రమందలి స్టాంటన్ అను ఊరికి గది చల్లపరచు యంత్రముల పటములు తీయుటకై వెళ్లెను. దగ్గరనున్న వేన్స్‌బొరో స్టేషనుకు ఒకరాత్రి వేడుకగా పోయి చూడగా, ఆవిరి ఇంజనులు ఇంకను బుసలు కొట్టుచు వచ్చుచుండెను. దేశములోని తక్కిన పెద్ద రైలు కంపెనీలన్నియు డీసెలు ఇంజనులకు మారిపోవుచుండగా, ఈ నార్‌ఫోకు అండు వెస్టర్ను కంపెనీ మాత్రము ఆవిరినే నమ్ముకొని యుండెను. కారణము తెలిసికొనదగినదే. వారి బండ్లు మోయు ముఖ్యమైన సరకు నేలబొగ్గు. ఇంజనులను గూడ రోనోకు పట్టణమందలి తమ సొంత కర్మాగారముననే చేసికొనుచుండిరి. ఇంటి పెరటిలో కాయుచున్న కూరను మాని అంగడికి పోవువారెవ్వరు?

అయినను అదియు కొద్ది యేండ్ల ముచ్చటయేయని లింకు గ్రహించెను. కంపెనీ అధ్యక్షుని అనుమతి పొంది, 1955 మొదలు 1960 వరకు, అనగా అక్కడ ఆవిరి ముగియువరకు, సుమారు ఇరువది పర్యాయములు న్యూయార్కు నుండి ప్రయాణము చేసి రెండువేల నాలుగువందల పటములు తీసెను. ఎవ్వరును కూలి యిచ్చి తీయింపలేదు. సొంత సొమ్మే వ్యయపరచెను. ఎక్కువ పటములు నడిరేయి తీసినవగుట మరియొక విశేషము. ఎందులకనగా, పగటి సూర్యుడు ఎల్లప్పుడు తనకు వలయు చోట నుండక వేరొకచోట నుండుననియు, సూర్యునిగాని పట్టాలనుగాని తాను జరుపలేననియు, అందుచే వెలుగును తానే కల్పించుకొనవలసి వచ్చెననియు ఆయన చెప్పెడివాడు. నల్లని ఇంజను, నల్లని రాత్రి. ఈ రెంటినడుమ తెల్లని ఆవిరి మేఘము మీద దీపపు వెలుగు పడగా అది వెండికొండవలె నిలుచును.

ఆ వెలుగు కల్పించుట చిన్న శ్రమ గాదు. అప్పటి ఫ్లాష్ బల్బు ఒక్కసారి మెరసి కాలిపోవునది. పట్టాల వెంబడి, ఇండ్ల కప్పులపై, చెట్లచాటున నలుబదికి పైగా బల్బులను అమర్చి, గజములకొలది తీగలతో కలిపి, బండి సరిగా ఆ చోటికి వచ్చిన క్షణమున అన్నియు నొక్కసారి వెలుగునట్లు చేయవలెను. లింకు వానిని దీపావళినాడు మనము కట్టు బల్బుల తోరణమువలె వరుసగా నొకే తీగెపై కూర్చెను. తోరణములో నొక బల్బు చెడినయెడల మొత్తమారిపోవుట మీరెరుగుదురు గదా! ఇక్కడను అంతే. ఒక్కటి పలుకకున్న ఏదియు పలుకదు, బండి వెళ్లిపోవును, కొన్ని గంటల శ్రమ చీకటిపాలగును. మరి యట్లేల కూర్చెననగా, కొన్ని వెలిగి కొన్ని వెలుగక సగము పటము వచ్చుటకంటె ఏమియు రాకుండుట మేలని ఆయన యెంచెను.

ఇంతవరకు చెప్పినది యంత్రపు నేర్పు. మా మనసునకు హత్తుకొనినది వేరు. ఈయన పటములలో ఇంజను ఒంటరిగా నుండుట అరుదు. 1956 లో గ్రీన్‌కోవ్ అను పల్లె స్టేషనున తీసిన పటమున, బండి వచ్చుచుండగా మాడ్ అను ముసలి గుర్రము తల వంచి నిలిచియుండును. పాతబండికి పాతగుర్రము నమస్కరించినట్లుండును. ఆ యేటనే ఆగస్టు 2 వ తేదీన అయేగరు అను ఊర తీసినదానిలో, బయలున తెరకట్టి కారులలో కూర్చుండి సినిమా చూచుచున్న జంటలు. వెనుక నురుగులు గ్రక్కుచు సరకుబండి. (ఆ తెరపై కనబడు విమానము తరువాత చేర్చినది. ఫ్లాష్ వెలుగునకు తెర తెల్లబోయినందున, వేరొక పటమునుండి విమానపు బొమ్మను దీసి అతికెను. ఇది మోసమని కొందరందురు, మాకట్లు తోచదు. కన్నులు చూచిన దానిని కెమెరా చూడలేకపోయినప్పుడు చేసిన సాయమే యది.)

వీనియన్నిటిలో గృహిణులు చూడదగిన పటము మరియొకటి కలదు. 1955 డిసెంబరులో లిథియా అను చిన్న యూరిలో నొక యింటి కూటపుగదిలో తీసినది. కుర్చీలో ఆ యింటి యామె కూర్చున్నది. కిటికీ చెంత బాలుడొకడు చేయి యూపుచున్నాడు. కిటికీ కవతల, చేతికందునంత దూరమున, ఇంజను దాటిపోవుచున్నది. రైలు పక్క కాపురమున్న వారికి దాని అర్థము చెప్పనక్కరలేదు. గోడ గడియారము చూడకయే బండికూతతో పొయ్యి రాజేయువారు మన స్టేషనుపేటలలో ఎందరు లేరు! బండి గొప్పతనము బండిలో లేదు, అది ఎవరి కిటికీ ముందునుండి పోయినదో వారి బ్రతుకులో నున్నదని ఆ పటము చెప్పుచున్నట్లు మాకు దోచును.

ఆ పటమునుండి మీ వంటి వారికి నేడే యక్కరకు వచ్చు పాఠమొకటి కలదు. కిటికీ ముందు పిల్లలను నిలిపి పటము తీసిన ముఖములు నల్లబడి, వెలుపల తెల్లని వెలుగు మాత్రము మిగులుట అందరకు అనుభవమే. కంటికి రెండును కనబడును, కెమెరాకు కనబడవు. వెలుపలి వెలుగు అధికమైనప్పుడు అది దానికే లెక్క కట్టుకొని లోపలిదానిని చీకటి చేయును. లింకు లోపలను, వెలుపలను దీపములు పెట్టి రెంటిని సమము చేసెను. మనకంత యక్కరలేదు. సంధ్యవేళ, వెలుపలి వెలుగు తగ్గి ఇంటి దీపము వెలిగించిన పిమ్మట, రెండును ఇంచుమించు సమమగు పదినిమిషముల కాలమొకటి కలదు. ఆ వేళ తీసిన పటమున కిటికీలోని పిల్లయు, కిటికీ వెలుపలి వీధియు రెండును దక్కును.

ఇన్నియు తీసినను ఆయనకు పేరు వెంటనే రాలేదు. తన పటముల పెద్ద పుస్తకము వెలువడునప్పటికి 1987 వచ్చెను. పటము తీసినప్పుడు కిటికీలో చేయి యూపిన బాలుడు అప్పటికి నడివయసువాడై యుండును. లింకు 2001 లో కాలముచేసెను. 2004 లో రోనోకులోని పాత రైలు స్టేషనులోనే ఆయన పటములకు ప్రదర్శనశాల తెరచిరి. ఇంజనుల కూతలను, చక్రముల ధ్వనులను గూడ ఆయన రికార్డులుగా వెలువరించెను. మన చేతిఫోనునకు శబ్దము పట్టు శక్తియు నున్నది, అది మరువరాదు.

ఇక మన దేశపు మాట. మా సోదరి తాతగారు నడపిన ఇంజను గుజిరీకి పోయి యుండవచ్చును, కాని దాని తోబుట్టువులు కొన్ని ప్రదర్శనశాలలలో నిలిచియున్నవి. ముందుగా తాతగారిది ఏ జాతి ఇంజనో తెలిసికొనవలెను. ఇది ఇంటిలోని ముసలమ్మగారిని అడిగిన తెలియును. ఇంజను ప్రక్కన రెండు ఆంగ్లాక్షరములు వ్రాయబడియుండును. మొదటిది పట్టాల వెడల్పును జెప్పును: డబ్ల్యు యనిన వెడల్పు పట్టాలు, వై యనిన మీటరు పట్టాలు, జెడ్ అనిన ఇంకను ఇరుకైనవి. రెండవది పనిని జెప్పును: పి యనిన జనమునెక్కించు బండి, జి యనిన సరకుబండి. తాతగారు మెయిలు నడపిరా, గూడ్సు నడపిరా, చిన్నబండియా, పెద్దబండియా యని యడిగినచో చాలు. వెడల్పు పట్టాలపై మెయిలు నడపిరన్నచో డబ్ల్యు.పి. కావచ్చునని యూహింపవచ్చును, ముక్కు గుండ్రముగా ముందునకు పొడుచుకొని వచ్చినదే ఆ జాతి ఇంజను. ఢిల్లీలో చాణక్యపురియందు 1977 లో తెరచిన జాతీయ రైలు ప్రదర్శనశాలలో ఇట్టి పాత ఇంజనులెన్నియో కలవు. పిల్లలను తీసికొనిపోయి, తాతగారి ఇంజను జాతిదాని ప్రక్కన నిలిపి తీసిన పటము, లేని పటమునకు పూర్తిగా బదులు గాకున్నను, పిల్లల ప్రశ్నకు సగము బదులగును.

అక్కడ మనవారు చేయునదేమి? ఇంజను మొత్తము పటములో పట్టించుటకై వెనుకకు, వెనుకకు నడచి, చివరకు ఇంజను అగ్గిపెట్టెయంత యగునట్లు తీయుదురు. అట్లు గాక చక్రము ప్రక్కన పిల్లవానిని నిలుపుడు. వెడల్పు పట్టాల మెయిలు ఇంజను పెద్ద చక్రము ఇంచుమించు మనిషి యెత్తుండును. పిల్లవాని తల దానిని దాటదు. ఇంజను ఎంత పెద్దదో ఆ ఒక్క చక్రమే చెప్పును. ఇంజను నల్లనిది, ఆకాశము తెల్లనిది గనుక, ఫోను తెరపై నల్లని చక్రముల మీద వ్రేలు మోపి, అక్కడి వెలుగునకు లెక్క కట్టునట్లు చేసి తీయవలెను. ఆకాశము వెలవెలబోయిన పోనిండు. మనము వచ్చినది ఆకాశమును జూచుటకు గాదు. మిట్టమధ్యాహ్నము వలదు. ఎండ నడినెత్తినుండగా ఇంజను పొట్టక్రింద చీకటి క్రమ్మి చక్రములు, కడ్డీలు కానరావు. ఉదయమునగాని సాయంకాలమునగాని వాలుటెండ క్రిందికి దూరి కడ్డీలను మెరయజేయును. కడపట, ఇంజనుపై తాపిన ఇత్తడి లేక ఇనుప పలకను వేరుగా నొక పటము తీసికొనుడు. ఎవరు చేసిరి, ఏ యేట చేసిరి అనునది దానిపై నుండును. ఇంటికి వచ్చిన పిమ్మట ఏది ఏదో మరచిపోవు బాధ యుండదు.

నడచుచున్న ఆవిరిబండిని చూడగోరువారికి ఊటీ దగ్గర. మెట్టుపాళయము నుండి కూనూరు వరకు 1899 లోను, ఊటీ వరకు 1908 లోను సాగిన ఈ కొండబండి 2005 లో ప్రపంచ వారసత్వపు పట్టికకెక్కెను. డార్జిలింగు బండి అంతకుముందే 1999 లో ఎక్కెను. మెట్టుపాళయమునకును కూనూరునకును నడుమ పట్టాలు పండ్రెండడుగులు సాగునప్పటికి సుమారొక యడుగు ఎత్తు ఎక్కును. అందుచే పట్టాల నడుమ పండ్లు గల కడ్డీ యమర్చి, ఇంజను క్రిందనున్న పండ్ల చక్రము దానిని పట్టుకొని ఎక్కునట్లు చేసిరి. ఎక్కునప్పుడు ఇంజను ముందుండదు, వెనుకనుండి త్రోయును. ఇది తెలియక మొదటి పెట్టెవైపు కెమెరా పెట్టి ఇంజనేదియని వెదకి, అది వచ్చులోపల ఫోను దించివేయువారు పెక్కుమంది. పెట్టెల ముంగిట జెండాలు పట్టుకొని నిలుచు బ్రేకు మనుష్యులను మాత్రము విడువకుడు. వారు లేక ఆ బండి లేదు. చలికాలపు ఉదయమైనచో ఆవిరి చిక్కగా కనబడును. ఎండకాలమున అది గాలిలో కరగిపోవును.

ఒక హెచ్చరిక. పటము కొరకు పట్టాలమీదికి పోవుట, కదలు బండి తలుపున వ్రేలాడుట ఎన్నియో ప్రాణములను దీసినవి. అనుమతి లేక పట్టాలపైకి పోవుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము శిక్షార్హము గూడ. లింకు అన్ని యేండ్లు ఆ పని చేసినది కంపెనీ అనుమతితోను, వారి ఉద్యోగుల సాయముతోను అని పిల్లలకు చెప్పుడు.

ఢిల్లీ పోలేని వారేమి చేయవలెనని మీరడుగుదురు. బండిని ఇంటికే తెచ్చుకొనవలెను. బొమ్మరైళ్ల కొలువు పాశ్చాత్యదేశములలో పెద్దల విద్యయే యైనది. దానియందు మిక్కిలి ప్రసిద్ధుడు కాలిఫోర్నియాలో మాంటెరే పట్టణవాసియైన జాన్ అలెన్. 1913 లో పుట్టిన ఈయనయు ఛాయాగ్రాహకుడే. నిజమైన బండిని ఎనుబదియేడు పాళ్లు తగ్గించిన కొలతతో, తన యింటి క్రింది గదిలో నేలనుండి కప్పువరకు కొండలు, లోయలు, వంతెనలు, ఊళ్లు కల్పించి, వాని నడుమ గోర్ అండ్ డఫెటిడ్ అను పేరుతో నొక రైలు కంపెనీని నడపెను. ఆ పేరును త్వరగా పలికిన, నెత్తురోడి యోడిపోయినవారని యర్థమిచ్చు ఆంగ్లపు మాటలవలె వినబడుట ఆయన హాస్యము. పెట్టెలను జరుపుటకు ఇంజనునకు బదులు ఎమ్మా అను పురాతన రాక్షసిబల్లి బొమ్మను గూడ కట్టెను. గది చిన్నదిగా దోపకుండుటకై కొండల సందున అద్దములు నిలిపి, ఒక వీధిని రెండు వీధులుగా చూపెను.

1973 జనవరి 6 వ తేదీన ఆయన మరణించెను. ఆ నెలలోనే ఆ యింట నిప్పంటుకొని, ఏండ్ల తరబడి కల్పించిన ఆ లోకము చాలభాగము బూడిదయ్యెను. నేడు దానిని మనమెరుగుట ఆయన తీసిన పటముల వలననే. నిజమైన ఇంజనునకు పట్టిన గతియే బొమ్మ యింజనునకును పట్టినది. ఆయన పటములను జూచినవారు అవి నిజమైన కొండలని భ్రమింతురు. ఆ భ్రమ కల్పించిన ఉపాయములు మన బొమ్మల కొలువునకు గూడ పనికి వచ్చును గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మనము కొలువు పటము తీయునప్పుడు నిలుచుండి, పైనుండి తీయుదుము. పటములో మెట్లపై పరచిన దుప్పటి, దాని ముడుతలు, బొమ్మల నడినెత్తులు కనబడును. బొమ్మను బొమ్మగా చూపునది ఆ యెత్తే. బొమ్మరైలు ప్రక్కన ఒక చిన్న మనిషి నిలిచినచో అతని కన్ను ఎంత ఎత్తున నుండునో అంత ఎత్తునకు కెమెరాను దించవలెను. అలెన్ కొలతలో అయిదున్నర అడుగుల మనిషి ముప్పాతిక అంగుళముండును! మన కొలువులోని ఏటికొప్పాక లక్కరైలు ఇంకను పెద్దది గనుక రెండు మూడంగుళములైన చాలును. ఫోనులో కెమెరా కన్ను పైయంచున నుండును గదా. ఫోనును తలక్రిందులుగా బట్టి పీటకానించినచో ఆ కన్ను నేలకు వచ్చును. ఈ ఒక్క ఉపాయముతో లక్కరైలు నిజమైన బండివలె మీ మీదికి వచ్చుచున్నట్లుండును.

రెండవది వెలుగు. ఆకాశమున సూర్యుడొక్కడే. బొమ్మబండికి రెండు నీడలు పడెనా, చూచువాని మనసు వెంటనే ఇది దీపమని పసిగట్టును. గదిలోని తక్కిన దీపములార్పి, ఒక్క దీపమును ఎత్తున, కొంచెము దూరమున, ఒక ప్రక్కగా నిలుపుడు. లక్కపూత నున్నగా నుండుట చేత దీపపు బొట్టు దానిపై మెరయును. దీపమునకు దూరముగా, కాక తగులకుండ, పలుచని తెల్లచీర యడ్డము కట్టిన ఆ మెరుపు మెత్తబడును.

మూడవది, దగ్గరకు పోయినకొలది పటములో ఒకచోట స్పష్టమై ముందువెనుకలు మసకబారుట. కంటికి దగ్గరగా వ్రేలు పెట్టి చూచినచో వెనుకనున్న గోడ చెదరినట్లే. నిజమైన బండికి ఇంజనునుండి గార్డుపెట్టె వరకు అన్నియు స్పష్టముగా నుండును. బొమ్మకు ముక్కు మాత్రమే స్పష్టమై తోక మసకబారిన, గుట్టు బయటపడును. అలెన్ కెమెరా రంధ్రమును సూదిబెజ్జమంత చేసి, అందుచే వెలుగు తగ్గగా, కెమెరాను కదలక నిలిపి చాలసేపు తెరచియుంచెను. రంధ్రము చిన్నదైనకొలది దూరపు వస్తువులును దగ్గరి వస్తువులును కలసి స్పష్టమగును. ఇప్పటివారు ఒక్కొక్క దూరమునకు ఒక్కొక్క పటము తీసి, కంప్యూటరులో స్పష్టమైన భాగములనే కలిపి కుట్టుదురు. గృహిణులకు ఈ రెండు తిప్పలును వలదు. వేలరూపాయల పెద్ద కెమెరా కంటె చేతిఫోను ఈ పనికి మేలు. దాని కటకము మిక్కిలి చిన్నదగుటచే స్వభావముగానే చాలదూరము స్పష్టముగా వచ్చును. మరీ ముక్కు తగులునట్లు గాక జానెడు రెండు జానలు వెనుకకుండి తీసిన చాలును.

ఇక దుమ్ము. ఇంటిలో దుమ్ము దులుపుట మీకు మేము చెప్పవలసినది గాదు. కాని లెక్క వినుడు: ఎనుబదియేడు పాళ్ల కొలతలో మిల్లీమీటరు ఇసుకరేణువు మూడున్నర అంగుళముల రాయి. కంటికానని నూలుపోగు పటములో పట్టాలకడ్డముగా పడిన మోకువలె నుండును. పాత కుంచెతోనో, పిల్లల రంగుల కుంచెతోనో తీయుటకు ముందొకసారి తుడువవలెను. పొగగొట్టమున చిటికెడు దూదిని సన్నని తీగకు జుట్టి, విప్పార్చి నిలిపిన ఆవిరి సిద్ధించును. వెనుక గోడకు లేతనీలపు చీర యొకటి ముడుతలు లేక కట్టిన ఆకాశము సిద్ధము.

మా సోదరికి మేము చెప్పు సలహా యిది. పిల్లలచేత అట్టపెట్టెలతో గుంతకల్లు స్టేషనునకు చిన్న నమూనా కట్టింపుడు. పేరు పలక తెలుగులోను, తక్కిన భాషలలోను వ్రాయింపుడు. లక్కరైలో, కొనిన రైలో నిలిపి, ఇంజను మెట్టుపై తాతగారికి బదులొక బొమ్మను నిలుపుడు. ముసలమ్మగారిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఆయన ఎచ్చటనుండి ఎచ్చటికి నడపిరో, క్యారియరులో ఏమి కట్టిచ్చిరో, రాత్రి డ్యూటీకి పిలువ వచ్చిన మనిషి తలుపు ఎట్లు కొట్టెడివాడో చెప్పించి, ఆ మాటలను ఫోనులో పట్టుడు. ఆ పటము చూచి పిల్లలు ప్రశ్నలడుగుదురు. ఆమె కన్నులలో ఉన్నదంతయు వెలికి వచ్చును. స్టూడియో పటము చెప్పలేనిది ఆ సాయంకాలము చెప్పును.

ఫోనులోనే దాచిన పటము ఫోనుతోనే పోవును గనుక, ఏటికి పది మంచి పటములనైనను కాగితముపై అచ్చు వేయింపవలెను. వెనుకవైపు ఊరు, తేదీ, ఉన్నవారి పేర్లు, ఇంజను అంకె వ్రాయవలెను. కలము వలదు, సిరా ముందునకు ఊరును, ఒకదానిమీద నొకటి పెట్టినచో అంటుకొనును. మెత్తని పెన్సిలుతో, పటమును గట్టి బల్లపై బోర్లించి, నడుమ గాక అంచున, నొక్కక వ్రాయుడు. నిగనిగలాడు కాగితముపై పెన్సిలు పడకున్న, చిన్న చీటీపై వ్రాసి పటముతోపాటు కవరులో నుంచుడు. జిగురు మాత్రము పూయకుడు.